రాత్రికీ చల్లారని శ్లాబు: నెల్లూరు ఆఫీసు భవనంలో ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి మూడో వారం

దర్గామిట్టలో రెండంతస్తుల భవనం. కింద దుకాణాలు, పైన రొయ్యల మేత వ్యాపారం చేసే సంస్థ ఆఫీసు. పై అంతస్తు మీద సుమారు 200 చదరపు మీటర్ల శ్లాబు, దాని కింద ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలు ఆరు. మార్చి దాటిందంటే మధ్యాహ్నం మూడు తర్వాత చల్లదనం చాలదు, కరెంటు బిల్లు మాత్రం ఏటికేడు పెరుగుతోంది. ఇంకో రెండు ఏసీలు పెట్టిస్తే సరిపోతుందని యజమాని గారి ఆలోచన.

కొనే ముందు ఈ వేసవి అంతా భవనంలోకి వేడి ఏ దారిన వస్తోందో కొలిచి చూద్దామని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మృగశిర కార్తె దాకా ఆగుతానండీ. అప్పటికీ మా పిల్లలు చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటే మాత్రం ఇక మీ మాట వినను" అన్నారు. ఆఫీసులో పనిచేసే వాళ్లందరినీ ఆయన పిల్లలనే అంటారు. గడువు న్యాయమైనదే.

ఈ పని మీద నాకు పట్టుదల ఉంది. 1901 నుంచి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో 2024 అత్యంత వేడి సంవత్సరమని భారత వాతావరణ శాఖ చెప్పింది. అదే ఏడాది మే 30న దేశ విద్యుత్ గరిష్ఠ డిమాండు 250 గిగావాట్ల అంచుకు చేరింది. 0.7 అనే అంకె వినగానే చాలామంది, అంతేనా అంటారు. ఆ అంకె ఒక మామూలు ఆఫీసు కరెంటు మీటరు దగ్గరికి వచ్చేసరికి ఎలా మారుతుందో, ఎవరైనా వచ్చి చూసుకునేలా చూపించాలని నా కోరిక.

ముందుగా ఏసీల సర్క్యూట్‌కు విడిగా ఒక మీటరు పెట్టించాను. ఉష్ణోగ్రతనూ తేమనూ గంటగంటకూ దాచుకునే చిన్న రికార్డర్లను లోపల మూడు చోట్ల, బయట మెట్ల కింద నీడలో ఒక చోట బిగించాం. గోడల, శ్లాబు వేడి చూడటానికి తుపాకీ ఆకారంలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు నా దగ్గర ఉంది. అది మెరిసే అల్యూమినియం మీద తప్పు చూపిస్తుంది కాబట్టి కిటికీ ఫ్రేముల మీద నల్ల టేపు ముక్కలు అంటించి కొలుస్తాను. కాంక్రీటుకూ, రంగు వేసిన గోడకూ ఆ అవసరం లేదు.

మార్చి

మొదట శ్లాబు సంగతి. మధ్యాహ్నం రెండు గంటలకు పైన చెయ్యి పెట్టలేం. కొలిస్తే 58 డిగ్రీలు. అదే సమయంలో లోపలి సీలింగు మాత్రం ఇంకా తాపీగా 35 దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత మెల్లగా ఎక్కుతూ పోయి, సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య 41కి చేరుతుంది. ఎండ తగ్గి, ఊరంతా రోడ్డు మీదికి వచ్చి గాలి పీల్చుకునే వేళకు ఈ ఆఫీసు నెత్తిన వేడి పతాక స్థాయికి వస్తుంది. పైనుంచి వేడి కిందికి దిగడానికి శ్లాబు తీసుకునే ఈ ఆలస్యమే ఉద్యోగుల ఫిర్యాదుకు మూలం. "పొద్దున బాగానే ఉంటుందండీ, ఇంటికి వెళ్లే ముందే తల పగిలిపోతుంది" అని లెక్కల విభాగంలోని పెద్దాయన మొదటి రోజే చెప్పారు. ఆయన చెప్పినదీ రికార్డరు గీసిన గీతా ఒక్కటే.

తెల్లవారి ఆరింటికి బయట 24 డిగ్రీలు ఉంటే సీలింగు ఇంకా 30 దగ్గర ఉంది. కిటికీలన్నీ మూసి, తాళాలు వేసి వెళ్లిన గదిలో ఆ వేడి రాత్రంతా అలాగే నిలబడింది.

దీనికొక లెక్క వేసి యజమాని గారికి కాగితం మీద చూపించాను. 200 చదరపు మీటర్లు, అయిదంగుళాల మందం: 25 ఘనపు మీటర్ల కాంక్రీటు, బరువు 60 టన్నులు. అంత బరువు ఒక్క డిగ్రీ చల్లబడాలంటే, కరెంటు మీటరు లెక్కలో చెబితే, దాదాపు 15 యూనిట్ల ఉష్ణం అందులోంచి బయటికి పోవాలి. పగలు ఎక్కిన వేడి పది డిగ్రీలనుకుంటే 150 యూనిట్లు. అందులో సగం రాత్రి ఆకాశం వైపు పోయినా, మిగతా సగం గదిలోకే దిగుతుంది. దాన్ని తోడి బయట పోయాల్సింది ఏసీలే. ఆయన కాగితం తిప్పి తిప్పి చూసి, "అయితే మనం కరెంటు కట్టేది మనుషుల కోసం కాదు, ఈ కాంక్రీటు కోసమన్నమాట" అన్నారు. అంత సూటిగా నేను చెప్పలేకపోయాను.

మార్చి చివరి రోజులు

శ్లాబు తెల్లబరచే పని. పాతబడి మసి పట్టిన కాంక్రీటు తన మీద పడే ఎండలో 70 శాతం వరకూ మింగేస్తుంది. మంచి తెల్లటి పూత కొత్తగా ఉన్నప్పుడు 80 శాతం దాకా వెనక్కి పంపుతుంది. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు. అంటే 700 మింగే చోట 200 మింగుతుంది. ఇందులో చాలా భాగం ఎలాగూ గాలికి పోయేదే అయినా, శ్లాబులోకి దిగే వాటా మాత్రం బాగా తగ్గుతుంది.

శ్లాబును రెండు భాగాలు చేశాం. తూర్పు సగానికి జిగురు కలిపిన సున్నం, పడమటి సగానికి బజారులో దొరికే తెల్లటి కూల్ రూఫ్ రంగు. రెండూ ఒకే ఎండలో, ఒకే దుమ్ములో ఎలా నిలబడతాయో చూడాలి. ముందు గీకి, నాచు తీసి, నెర్రెలు పూడ్చి, నీళ్లు పోసి కడిగి ఆరబెట్టాకే పూత వేయాలి. రంగు పని చేసే కుర్రవాడు గీకకుండానే మొదలుపెట్టబోతే ఆపాను. పొర లేచిపోతే డబ్బూ పోతుంది, పద్ధతికి చెడ్డపేరూ వస్తుంది.

కాపలాదారు భార్య ఆ మేడ మీద వడియాలు పెట్టుకుంటుంది. "సార్, ఇక ఇక్కడ పెట్టుకోకూడదా?" అని అడిగింది. ట్యాంకు పక్కన ఒక మూల ఆమెకు వదిలేశాం. తెల్లటి నేల కాంతి కళ్లకు కొడుతోందని, మధ్యాహ్నం పైకి రావద్దని పిల్లలకు చెప్పుకుంది. ఆ మాట నిజమే. పనివాళ్లకు కూడా నల్ల కళ్లద్దాలు ఇవ్వాల్సి వచ్చింది.

ఏప్రిల్

పూత వేశాక అదే రెండు గంటల వేళ రంగు వేసిన వైపు పైభాగం 43, సున్నం వైపు 45. గాలి 37. సాయంత్రం సీలింగు 41 నుంచి 36కి దిగింది. సున్నానికీ రంగుకూ తేడా ఇప్పటికి చాలా స్వల్పం. ఖర్చులో తేడా మాత్రం చాలా ఎక్కువ. ఇది ఇక్కడితో తేలే విషయం కాదు. సున్నం సత్తా వానలో తెలుస్తుంది.

పడమటి వైపు అద్దాలు తర్వాతి సమస్య. ముందు భాగమంతా రోడ్డు వైపు నీలిరంగు అద్దం, 12 చదరపు మీటర్లు. లోపల తెరలు ఉన్నాయి, సాయంత్రం దించుతారు. తెర దాకా వచ్చిన ఎండ అప్పటికే గదిలో ఉన్నట్టు. అద్దం దాటక ముందే ఆపాలి.

ఇక్కడ నెల్లూరు అక్షాంశం సంగతి చెప్పాలి. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా 14 డిగ్రీల 27 నిమిషాల దగ్గర ఉంది. ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేడ మీద నిలబెట్టిన ఇనప గొట్టానికి పన్నెండు దాటిన కాసేపటికి నీడ పూర్తిగా మాయం కావడం అందరం చూశాం. లెక్కల విభాగం వాళ్లు కూడా పైకి వచ్చారు. ఆ రెండు రోజుల మధ్య మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అందుకే మన దగ్గర దక్షిణపు కిటికీల మీద పొడవైన సజ్జాలు మే, జూన్ నెలల్లో పెద్దగా చేసేదేమీ ఉండదు. వేసవి భారమంతా పైకప్పు మీద, పడమటి గోడ మీద. మన ఊళ్లో కొత్తగా లేచే ఆఫీసు భవనాలు రోడ్డు ఏ వైపు ఉంటే ఆ వైపు అద్దం పెడుతున్నాయి. రోడ్డు పడమట ఉంటే జీవితాంతం కరెంటు బిల్లు రూపంలో ఆ ముస్తాబుకు మూల్యం చెల్లిస్తూనే ఉండాలి. భవనం ప్లాను గీసేటప్పుడే ఎవరైనా ఈ మాట గట్టిగా చెప్పాలి.

మే నెలలో సాయంత్రం నాలుగింటికి పడమటి నిలువు గోడ మీద చదరపు మీటరుకు 500 వాట్లకు మించి పడుతుంది. 12 చదరపు మీటర్ల అద్దం గుండా అందులో సగం లోపలికి వచ్చినా మూడు కిలోవాట్లు. ఒక టన్ను చల్లదనం అంటే మూడున్నర కిలోవాట్లు. అంటే సాయంత్రం పూట ఒక ఏసీ శక్తిలో సగానికి పైగా కేవలం ఈ అద్దం తినేస్తోంది.

నర్సరీల్లో వాడే షేడ్ నెట్‌ను గొట్టాల ఫ్రేముకు బిగించి, అద్దానికి ఒకటిన్నర అడుగు దూరంలో నిలబెట్టాం. మధ్యలో గాలి ఆడాలి, లేకపోతే వేడెక్కిన వల అద్దాన్నే కాలుస్తుంది. పడమటి గాలి జోరు తెలిసిన వెల్డరు ఫ్రేముకు అడ్డ గొట్టాలు ఎక్కువ వేశాడు. సంస్థ పేరు పలక కనిపించదేమోనని యజమాని గారి బెంగ. పలక కింది నుంచి వల మొదలయ్యేలా కొలతలు మార్చాం. వల వేశాక అదే వేళకు అద్దం లోపలి వైపు వేడి 44 నుంచి 37కి తగ్గింది.

మే రెండో వారం

ఈ డైరీలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. ప్రతి ఏసీ నుంచి బయటికి వచ్చే నీటి గొట్టం కింద బకెట్లు పెట్టించాను. గంటకు ఎన్ని లీటర్లు పడుతున్నాయో కాపలాదారు రాసి పెడుతున్నాడు. గాలిలోని తేమ ఏసీ కాయిల్ మీద నీరుగా మారేటప్పుడు లీటరుకు సుమారు 0.68 యూనిట్ల ఉష్ణం వదులుతుంది, దాన్నీ ఏసీయే మోయాలి. కాబట్టి బకెట్టు చూస్తే తేమ భారం ఎంతో తెలిసిపోతుంది. దీనికి ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు.

ఈ వారంలో రెండు రకాల రోజులు పక్కపక్కనే వచ్చాయి. ఒక రోజు వెలిగొండల వైపు నుంచి పడమటి గాలి, 41 డిగ్రీలు, తేమ 25 శాతం. బకెట్లలో అడుగు తడిసిందంతే. ఇంకో రోజు మధ్యాహ్నానికే మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగింది. 35 డిగ్రీలు, తేమ 60 శాతం. బకెట్లు గంట గంటకూ పారబోయాల్సి వచ్చింది.

పేపరులో మొదటి రోజుకే పెద్ద అక్షరాలు. 41 డిగ్రీలు కదా. కానీ లెక్క వేసి చూడండి. 41 డిగ్రీల పొడిగాలి ఒక కిలోలో ఉష్ణమూ తేమలో దాగిన ఉష్ణమూ కలిపి సుమారు 72 కిలోజౌళ్లు ఉంటాయి. 35 డిగ్రీల తేమగాలిలో 90. గది లోపల 26 డిగ్రీలు, 55 శాతం తేమ ఉంచాలంటే ఆ గాలి 56 దగ్గర ఉండాలి. తలుపు తీసిన ప్రతిసారీ లోపలికి వచ్చే గాలి కిలోకు, మొదటి రోజు 16 కిలోజౌళ్లు తీసేస్తే చాలు, రెండో రోజు 34 తీయాలి. ఆరు డిగ్రీలు తక్కువ ఉన్న రోజు బయటి గాలి మోపే భారం రెట్టింపు. ఏసీ మీటరు కూడా ఇదే చెప్పింది. వేడి రోజుకన్నా ఉక్క రోజు యూనిట్లు ఎక్కువ కాలాయి.

వాతావరణ మార్పు కోస్తా ఊళ్ల మీద చేసే పని ఇక్కడ కనిపిస్తుంది. 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఒకప్పుడు సాయంత్రం ఊరికి ఊరట తెచ్చే సముద్రపు గాలి ఇప్పుడు మరింత తేమను మోసుకొస్తోంది. గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కదాన్నే చూసి, ఈ ఏడాది ఎండలు మామూలేనని తేల్చేవాళ్లు ఈ బకెట్లు ఒకసారి చూడాలి.

ఈ లెక్క వచ్చాక వెంటనే చేసిన పని తలుపులది. మెట్ల వైపు తలుపు రోజంతా తెరిచే ఉండేది. తనంతట తాను మూసుకునే స్ప్రింగు పెట్టించాం. స్లైడింగు కిటికీల సందుల్లో బ్రష్ పట్టీలు, ఏసీ గొట్టాలు గోడలోంచి పోయే కన్నాల్లో మూత. ఇన్ని పనుల్లో దీని ఖర్చే అతి తక్కువ. తర్వాతి ఉక్క రోజున బకెట్ల నీరు మూడో వంతు తగ్గింది. మనుషులు కూర్చునే గదికి కొంత బయటి గాలి ఎలాగూ రావాలి. దాన్ని పొద్దున్నే, ఒక ఫ్యాను ద్వారా, కావాల్సినంతే తెస్తున్నాం.

అగ్ని కార్తె

రాత్రిపూట కిటికీలు తెరిచి భవనాన్ని చల్లార్చే పద్ధతిని మార్చి నుంచీ పాటిస్తున్నాం. కాపలాదారు రాత్రి తొమ్మిదికి దోమతెరల కిటికీలు తెరిచి, ఎదురుగా ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, తెల్లవారి ఆరింటికి మూసేవాడు. మార్చిలో చాలా బాగా పనిచేసింది. తెల్లవారుజామున సీలింగు మూడు డిగ్రీలు అదనంగా దిగేది, ఏసీలు పదకొండు దాకా వేయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఏప్రిల్ మూడో వారం నుంచి ఆ ఉపయోగం తగ్గుతూ వచ్చి, ఇప్పుడు పూర్తిగా పోయింది. రాత్రి రెండింటికి కూడా బయట 31. తెల్లవారేటప్పటి కనిష్ఠం 29. శ్లాబు తన వేడిని ఇవ్వడానికి చల్లటి గాలి లేదు. పైగా ఆ గాలితో వచ్చిన తేమను ఫైళ్లూ కుర్చీల గుడ్డలూ తివాచీలూ పీల్చుకుంటున్నాయి. పొద్దున ఏసీ వేసిన మొదటి గంటలో బకెట్టులో పడే నీరంతా అదే. అందుకని కిటికీలు తెరవడం ఆపించాను. ఇకనుంచి బయటి గాలి లోపలికన్నా చల్లగా, పొడిగా ఉన్నప్పుడే తెరవాలని నియమం పెట్టుకున్నాం. మెట్ల కింద రికార్డరు చూసి నిర్ణయిస్తాం.

ఇది నన్ను బాధపెట్టిన ఫలితం. మన పెద్దలు మేడ మీద నీళ్లు చల్లి, కిటికీలు బార్లా తెరిచి రాత్రుళ్లు గడిపిన పద్ధతి అంతా రాత్రి చల్లబడుతుందన్న నమ్మకం మీద నిలబడింది. పగటి గరిష్ఠం ఒక డిగ్రీ పెరిగితే పత్రికలకు ఎక్కుతుంది, రాత్రి కనిష్ఠం ఒక డిగ్రీ పెరిగితే ఎవరూ పట్టించుకోరు. కానీ భవనం వేడిని దించుకునేది రాత్రే. రాత్రి వేడెక్కితే ఆఫీసు తలుపు తీసేసరికే ఏసీ ముందు నిన్నటి బాకీ ఉంటుంది.

మే చివర, రోహిణి కార్తె

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈ రోజుల్లోనే ఏసీల బయటి యూనిట్ల పని పెట్టుకున్నాం, ఎందుకంటే వాటి అసలు కష్టం తెలిసేది ఇప్పుడే.

ఆరింటిలో నాలుగు యూనిట్లు రెండు భవనాల మధ్య సందులో, ఒకదాని మీద ఒకటి బిగించి ఉన్నాయి. ఒకటి వదిలిన వేడిగాలి ఇంకొకటి పీలుస్తోంది. వీధిలో 41 ఉన్నప్పుడు పై యూనిట్ వెనుక పీల్చే గాలి 49. స్టార్ లేబుల్ కోసం ఏసీ సామర్థ్యాన్ని పరీక్షించేది బయట 35 డిగ్రీల దగ్గర. అక్కడి నుంచి వేడి పెరిగే కొద్దీ ఏసీ ఇచ్చే చల్లదనం తగ్గుతుంది, తీసుకునే కరెంటు పెరుగుతుంది. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెడితే ఉదయం 7 ఆంపియర్లు తీసుకున్న యూనిట్ మధ్యాహ్నం 8.6 తీసుకుంటోంది. బాగా ఎండలున్నప్పుడు రెండు యూనిట్లు ట్రిప్ అయ్యేవి. గ్యాస్ తక్కువైందని అనుకుని ప్రతి వేసవిలో నింపించుకుంటూ వచ్చారు.

మెకానిక్ కుర్రవాడు నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. ప్రెజర్ చూసి, "అన్నా, గ్యాస్ సరిగ్గానే ఉంది. దీనికి ఊపిరి ఆడటం లేదు" అన్నాడు. కాయిల్ రెక్కలు ఉప్పుగాలికి దెబ్బతిని, దుమ్ముతో పూడుకుపోయి ఉన్నాయి. సముద్రం ఇరవై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్న ఊరికి ఇది మామూలే. తక్కువ ఒత్తిడి నీటితో కడిగించాం.

ఆ సందు చివర ఒకావిడ ఇస్త్రీ బండి పెట్టుకుంది. బొగ్గుల పెట్టె వేడి ఒక పక్క, మా యూనిట్ల వేడిగాలి ఇంకో పక్క. ఆమె నిలబడే చోట కొలిస్తే వీధి మొగలో కన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి, పక్కనున్న ప్రకాశం జిల్లాలో చాలామంది పోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లూ వృద్ధులే. ఒక గది చల్లదనం కోసం సందులో నిలబడే మనిషిని ఉడికించడం నాకు ఒప్పుదల కాదు. నాలుగు యూనిట్లనూ మేడ మీద ఉత్తరపు పిట్టగోడ వైపు, ఒకదానికొకటి మూడడుగుల ఎడంతో, పైన తడిక నీడలో పెట్టించాం. పీల్చే గాలి 42కి దిగింది, ఆంపియర్లు 7.7కి. ట్రిప్ కావడం ఆగిపోయింది. ఇస్త్రీ చేసే ఆవిడ, "ఇప్పుడు మధ్యాహ్నం కూడా నిలబడగలుగుతున్నానయ్యా" అంది.

యూనిట్లు మార్చేటప్పుడు గ్యాస్ విషయంలో గట్టిగా నిలబడ్డాను. మామూలుగా పైపు ఊడదీసి గాలిలోకి వదిలేస్తారు. ఈ పాత యూనిట్లలో నాలుగింటిలో ఉన్నది ఆర్-410ఏ అనే గ్యాస్. ఒక కిలో వదిలితే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడిని భూమికి చేరుస్తుంది. మన దేశపు గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే కిలో గ్యాస్ వదలడం మూడు వేల యూనిట్ల కరెంటుకు దగ్గరగా కాల్చినట్టు. మనం ఇంత శ్రమపడి ఆదా చేసేది ఒక్క నిమిషంలో పోతుంది. మెకానిక్ గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి, వాల్వులు మూసి, ఆ తర్వాతే పైపులు విప్పాడు. పని గంట ఎక్కువ పట్టింది. ఆ గంటకు కూలి వేరుగా ఇచ్చాం, ఇవ్వాలి కూడా.

జూన్ మొదటి వారం

ఫ్యాన్ల మార్పు క్లుప్తంగా. 75 వాట్ల పాత ఫ్యాన్లు తీసి 30 వాట్ల చుట్టుపక్కల తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టాం. గాలి ఒంటికి తగిలితే 27 డిగ్రీలు కూడా హాయిగానే ఉంటుంది. రిమోట్లు 20 మీద ఉండేవి, ఇప్పుడు 26. సెట్టింగు ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల మీద మొదలవ్వాలన్న నియమం 2020 జనవరి 1 నుంచే ఉంది.

మొదట ఎవరూ ఒప్పుకోలేదు. 26 అనే అంకె చూస్తేనే కొందరికి చెమట పట్టింది. సీలింగు చల్లబడ్డాక మాత్రం మాట మారింది. మనిషికి వేడి అనేది గాలి నుంచే కాదు, నెత్తిన కాలే శ్లాబు నుంచీ తగులుతుంది. 41 డిగ్రీల సీలింగు కింద 23 డిగ్రీల గాలి ఇవ్వలేని హాయి 36 డిగ్రీల సీలింగు కింద 26 ఇస్తోంది. ఏసీ ఎదురుగా కూర్చుని మే నెలలో కూడా శాలువా కప్పుకునే ఒకమ్మాయి ఈ వారం శాలువా ఇంటి దగ్గరే పెట్టి వచ్చింది.

లెక్కలు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమ ఉన్న రోజులనే పోల్చాను. నెల మొత్తం బిల్లులు పోల్చితే వాతావరణం తేడా లెక్కలోకి చొరబడుతుంది. మార్పులు మొదలుపెట్టకముందు మార్చిలో ఉక్కగా ఉన్న రోజుల్లో ఏసీలు రోజుకు 70 యూనిట్ల దాకా తీసుకున్నాయి. ఇప్పుడు అలాంటి రోజుల్లో 48. రోహిణి కార్తెలో అతి కష్టమైన రోజున కూడా 66 దాటలేదు. సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకూ తగ్గుదల అన్నిటికంటే ఎక్కువ. నాకు సంతోషం కలిగించింది ఇదే. మధ్యాహ్నపు ఏసీలకు సౌర విద్యుత్తు కొంత అండగా ఉంటుంది. పొద్దు వాలాక భారం చాలావరకు బొగ్గు కేంద్రాల మీదికి జరుగుతుంది. మన జిల్లాలోనే నేలటూరు దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు ఆ వేళకు పూర్తి స్థాయిలో తిరగాలి. శ్లాబు ఆలస్యంగా దించే వేడి సరిగ్గా ఆ వేళకే వచ్చి పడుతుంది. దాన్ని పైనే ఆపగలిగితే ఆ గంటల్లో ఆదా అయ్యే ప్రతి యూనిట్‌కూ విలువ ఎక్కువ.

అయితే ఒక మాట ఉన్నదున్నట్టు రాయాలి. కనిష్ఠం 30కి దిగని రాత్రుల తర్వాత వచ్చే పగళ్లలో ఈ ఆదా సగానికి సగం తగ్గింది. తెల్లటి పూత ఎండను ఆపుతుంది, రాత్రి గాలి వేడిని ఆపలేదు. అలాంటి రాత్రులు ఎక్కువయ్యే కొద్దీ శ్లాబు మీద వేడి నిరోధక పొర కూడా వేయక తప్పదు.

మృగశిర కార్తె

యజమాని గారితో కూర్చున్నాం. ఆయన ముందు ఉద్యోగులను ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు, తర్వాతే నా కాగితాలు చూశారు. కొత్త ఏసీలు రెండూ మానేశారు. ఆ డబ్బులో కొంత పెట్టి, అన్నిటికన్నా పాత యూనిట్లు రెండింటిని అయిదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీలతో మార్చుదామన్నారు. పడమటి సగం శ్లాబు మీద వేడి నిరోధక పొర వేసి, దాని మీద పెంకు ముక్కలు పరిచి తెల్లబరచడానికి ఒప్పుకున్నారు. తూర్పు సగం అలాగే ఉంటుంది. రెండు వైపులా రికార్డర్లు ఏడాది పొడవునా నడుస్తాయి.

నిన్నటి ఉరుము వానకు సున్నం అక్కడక్కడ కరిగి, కింద బూడిదరంగు తేలింది. రంగు వైపు చెక్కుచెదరలేదు గానీ దుమ్ము పట్టి మాసింది; నీళ్లు పోసి చీపురుతో రుద్దితే చాలావరకు తెల్లబడింది. సున్నం మళ్లీ ఒక పూత వేయించాలి. అది ఏటా చేయించుకునే ఖర్చుగా లెక్కలో రాశాను.

తర్వాతి పని అక్టోబరుకు. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అప్పుడు గాలి 27, 28 డిగ్రీలే ఉన్నా తేమ 85 దాటుతుంది. గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం అలాగే మిగులుతుంది. పోయిన ఏడాది బీరువాలో లెక్కల పుస్తకాలకు బూజు పట్టింది. ఇన్వర్టర్ ఏసీల్లో తేమ తీసే డ్రై మోడ్ ఎంతవరకు సాయపడుతుందో బకెట్లతోనే చూడాలి. కాపలాదారు బకెట్లన్నీ కడిగి మెట్ల కింద బోర్లించాడు. వాటి మీద లీటర్ల గీతలు చెరిగిపోయాయి, సెప్టెంబరులోగా మళ్లీ గీయాలి.